ఎడిట్ అయ్యాక మిగిలే అసలు పని: వీడియో పాడవకుండా వెబ్‌కి చేర్చడం

టైమ్‌లైన్‌లో వీడియో అద్దంలా కనిపిస్తుంది. అదే వీడియోని ఎక్స్‌పోర్ట్ చేసి, అప్‌లోడ్ చేసి ఫోన్లో చూస్తే చీకటి భాగాలు గళ్లు గళ్లుగా, మొహాలు మైనం పూసినట్టుగా, ఎర్ర అక్షరాల అంచులు చెదిరిపోయి ఉంటాయి. లేదంటే దీనికి పూర్తి ఉల్టా: బొమ్మ బ్రహ్మాండంగా ఉంటుంది కానీ ఐదు నిమిషాల ఫైలు రెండు జీబీలై కూర్చుంటుంది, చూసేవాళ్ల తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది.

మొదట్లో నేనూ ఈ రెండిటి మధ్యా చాలాసార్లు ఇరుక్కున్నాను. ఒకసారి ఒక నృత్య ప్రదర్శన వీడియో ఎడిట్ చేసి, ఎడిటర్ నుంచే నేరుగా ఎంపీ4 తీశాను. ఫైలు పెద్దదైందన్నారు. ఆ ఎంపీ4నే మళ్లీ కంప్రెస్ చేసి పంపాను. చివర్లో పేరు తప్పు పడిందన్నారు. అప్పటికి ప్రాజెక్ట్ ఫైలు ఇంకో డిస్క్‌లో ఉంది, తియ్యడానికి బద్ధకం. ఆ చిన్న ఫైలునే మళ్లీ ఎడిటర్లో వేసి, పేరు సరిచేసి, మూడోసారి ఎక్స్‌పోర్ట్ చేశాను. నర్తకి చెయ్యి వేగంగా తిప్పినచోట వేళ్లు ఐదూ కలిసి ఒకే ముద్దలా అయ్యాయి. ముద్రలే ప్రాణమైన నాట్యంలో వేళ్లు కనబడకపోతే ఇంకేం మిగిలినట్టు?

జెరాక్స్‌కి జెరాక్స్, దానికి మళ్లీ జెరాక్స్ తీస్తే ఏమవుతుందో ఇక్కడా అదే అయింది. వెబ్ కోసం చేసే కంప్రెషన్ ప్రతిసారీ బొమ్మలోంచి కొంత తీసేస్తుంది, తీసేసింది తిరిగి రాదు. అందుకే ఇప్పుడు నా పద్ధతి ఒక్కటే: ఎడిటర్ నుంచి పెద్ద మాస్టర్ ఫైలు ఒకటి తీసుకోవడం, వెబ్‌కి వెళ్లే కాపీ ఏదైనా ఆ మాస్టర్ నుంచే ఒక్కసారి కంప్రెస్ చేసుకోవడం. కింద చెప్పేదంతా ఆ పని ఎలా చెయ్యాలన్నదే.

ముందు కాస్త లెక్క

1080పీ వీడియోలో ఒక ఫ్రేముకి 1920 × 1080, అంటే 20,73,600 పిక్సెళ్లు. వెబ్ వీడియోలన్నీ దాదాపు 4:2:0 పద్ధతిలో ఉంటాయి. వెలుగునీడల వివరం ప్రతి పిక్సెల్‌కీ ఉంటుంది, రంగు వివరం మాత్రం నాలుగు పిక్సెళ్లకి ఒకటే. ఆ లెక్కన పిక్సెల్‌కి సగటున ఒకటిన్నర బైట్లు, ఫ్రేముకి దాదాపు 31 లక్షల బైట్లు. సెకనుకి 30 ఫ్రేములైతే 93 మెగాబైట్లు. బిట్లలోకి మారిస్తే సెకనుకి 746 మెగాబిట్లు.

మనం వెబ్‌కి పంపేది సెకనుకి 8 మెగాబిట్లు. అంటే 93 పాళ్లలో 92 పాళ్లు వదిలేసి, మిగిలిన ఒక్క పాలుతో బొమ్మ నిలబెడుతున్నాం.

ఇదెలా సాధ్యమంటే, కోడెక్ (వీడియోని కుదించి, మళ్లీ విప్పే పద్ధతి) ప్రతి ఫ్రేమునీ పూర్తిగా దాచదు. అప్పుడప్పుడూ ఒక కీఫ్రేము మాత్రం పూర్తి బొమ్మగా ఉంటుంది. మధ్యలో వచ్చే ఫ్రేములు చాలావరకు ‘పక్క ఫ్రేములోని ఈ ముక్క ఇంత దూరం జరిగింది, ఇక్కడ ఇంత తేడా వచ్చింది’ అన్న వివరాలే. అందుకే కదలని గోడ ముందు కూర్చుని మాట్లాడే మనిషి వీడియో కోడెక్‌కి చాలా తేలిక. పొగ, నీళ్లు, గాలికి ఊగే ఆకులు, రంగులు మారే స్టేజి లైట్లు, తక్కువ వెలుతురులో కెమెరా తెచ్చిపెట్టే నాయిస్ (బొమ్మ మీద మిణుకుమనే చుక్కలు) మాత్రం దానికి నరకం. ప్రతి ఫ్రేములోనూ అంతా కొత్తే.

ఈ ఒక్క విషయం బుర్రలో పెట్టుకుంటే ‘1080పీకి ఎంత బిట్‌రేట్ (సెకనుకి ఎన్ని బిట్లు) పెట్టాలి?’ అన్న ప్రశ్నకి ఒకే జవాబు ఎందుకు లేదో అర్థమైపోతుంది. బొమ్మలో ఏం జరుగుతోందన్నదాన్ని బట్టే ఆ జవాబు ఉంటుంది.

ఫైలు సైజు లెక్క మాత్రం సులువు. బిట్‌రేట్‌ని సెకన్లతో గుణించి 8తో భాగిస్తే మెగాబైట్లు వస్తాయి. 8 ఎంబీపీఎస్‌లో (సెకనుకి 8 మెగాబిట్లు) ఐదు నిమిషాలంటే 8 × 300 ÷ 8, అంటే 300 ఎంబీ. దీనికి ఆడియో కలుస్తుంది, అది కొంచెమే.

కంటైనర్ వేరు, కోడెక్ వేరు

‘ఎంపీ4లో ఇచ్చాను, అయినా క్వాలిటీ రాలేదు’ అనే మాట తరచూ వింటుంటాను. ఎంపీ4 డబ్బా (కంటైనర్) పేరు మాత్రమే. ఎంకేవీ, ఎంఓవీ, వెబ్ఎం కూడా డబ్బాలే. లోపల బొమ్మని ఎలా కుదించారన్నది కోడెక్ పని.

వెబ్‌లో మీకు తగిలే కోడెక్‌లు నాలుగు. 2003లో వచ్చిన హెచ్.264 ఇప్పటికీ ఎక్కడైనా ఆడుతుంది. పాత ఫోన్, పాత టీవీ, ఏ బ్రౌజరైనా దీనికి ఇబ్బంది లేదు. 2013లో వచ్చిన హెచ్.265, అదే హెచ్ఈవీసీ, ఇంకా చిన్న ఫైలు ఇస్తుంది కానీ అన్ని బ్రౌజర్లలో, అన్ని పరికరాల్లో ఆడుతుందన్న గ్యారంటీ లేదు. అదే ఏడాది వచ్చిన గూగుల్ వారి వీపీ9ని యూట్యూబ్ విస్తారంగా వాడుతుంది. 2018లో వచ్చిన ఏవీ1 వీటన్నిటికంటే పొదుపైనది. దీన్ని ఎన్‌కోడ్ చెయ్యడానికి టైమ్ ఎక్కువ పడుతుంది, పాత ఫోన్లు ఆడించడానికి ఆయాసపడతాయి.

ఒక్కటే ఫైలు ఇవ్వాల్సి వస్తే నా ఓటు ఎంపీ4లో హెచ్.264 వీడియో, ఏఏసీ ఆడియో. కొత్త కోడెక్ మీద సరదా ఉంటే దాన్ని అదనపు కాపీగా పెట్టుకోండి, ఉన్నదాని స్థానంలో కాదు.

దశ 1: ఎక్కడికి వెళ్తుందో ముందు తేల్చుకోండి

వీడియో యూట్యూబ్, విమియో లాంటి చోటికి వెళ్తుంటే వాళ్లు మీ ఫైలుని ఎలాగూ తమ పద్ధతిలో మళ్లీ ఎన్‌కోడ్ చేస్తారు. మీరు పంపేది వాళ్లకి ముడిసరుకు మాత్రమే. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు, అక్కడికి పెద్ద ఫైలే పంపాలి. అప్‌లోడ్ త్వరగా అయిపోవాలని దాన్ని ముందే పిండేస్తే, వాళ్లు పిండినదాన్ని మళ్లీ పిండుతారు.

మీ సొంత వెబ్‌సైట్లో పెడుతుంటే ఆఖరి కంప్రెషన్ మీదే. చూసేవాళ్లకి చేరేది మీరు చేసిన ఫైలే కాబట్టి సైజు, క్వాలిటీ రెండూ మీరే తూకం వేసుకోవాలి. ఇక ఎవరికైనా చూపించి ఓకే అనిపించుకోడానికే అయితే 720పీలో చిన్న కాపీ చాలు, దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

దశ 2: ఎక్స్‌పోర్ట్ బటన్ నొక్కేముందు టైమ్‌లైన్ చూడండి

ఎక్స్‌పోర్ట్‌లో బయటపడే తప్పుల్లో సగం అక్కడ పుట్టినవి కావు. టైమ్‌లైన్‌లోనే ఉంటాయి.

మొదటిది ఫ్రేమ్ రేట్. కెమెరాలో 25 ఫ్రేములతో తీసినదాన్ని 30 ఫ్రేముల టైమ్‌లైన్‌లో వేస్తే సెకనుకి ఐదు ఫ్రేములు రెట్టించాల్సి వస్తుంది. కెమెరా నెమ్మదిగా పక్కకి తిరిగే షాట్లో ఆ కుదుపు స్పష్టంగా తెలుస్తుంది. టైమ్‌లైన్ దేంట్లో ఉంటే ఎక్స్‌పోర్ట్ కూడా దాంట్లోనే ఉండాలి. 23.976, 24 రెండూ ఒకటే కదా అనుకోకండి, ఉన్నది ఉన్నట్టే ఉంచండి.

ఫోన్లో తీసిన వీడియోలతో ఇంకో చిక్కు. చాలా ఫోన్లు వెలుతురుని బట్టి ఫ్రేమ్ రేట్‌ని మారుస్తూ రికార్డ్ చేస్తాయి. అలాంటి ఫైలుని నేరుగా ఎడిట్ చేస్తే మొదట్లో పెదవులు, మాట కలిసే ఉంటాయి. పది నిమిషాలు గడిచేసరికి మాట ముందు, పెదవులు వెనక. మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర ‘వేరియబుల్’ అని ఉందేమో చూడండి. ఉంటే, ఎడిట్ మొదలుపెట్టే ముందే దాన్ని హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో (దశ 4లో దాని గురించే) బాగా ఎక్కువ క్వాలిటీతో కాన్‌స్టెంట్ ఫ్రేమ్ రేట్‌కి మార్చుకోండి. ఒక కంప్రెషన్ అదనంగా పడుతుంది నిజమే, కానీ సింక్ పోయిన వీడియో కంటే అది నయం.

రెండోది రంగు. ఇప్పటి ఫోన్లు చాలావరకు హెచ్‌డీఆర్‌లో (వెలుగునీడల తేడాని మామూలుకంటే ఎక్కువగా పట్టే పద్ధతి) తీస్తాయి. ఐఫోన్ 12 నుంచి అది మామూలైపోయింది. హెచ్‌డీఆర్ క్లిప్పుని మామూలు టైమ్‌లైన్‌లో సరిగ్గా మార్చకుండా వేస్తే, తెల్లటి భాగాలు మండిపోవడమో, మొత్తం బూడిద రంగు పులుముకున్నట్టు ఉండటమో జరుగుతుంది. మామూలు వెబ్ వీడియోకి టైమ్‌లైన్, ఎక్స్‌పోర్ట్ రెండూ రెక్ 709 అనే మామూలు రంగుల ప్రమాణంలో ఉండాలి. హెచ్‌డీఆర్ క్లిప్పులకి ఎడిటర్లోనే టోన్ మ్యాపింగ్ (ఆ వెలుగుని మామూలు తెరకి సరిపడేలా కుదించడం) పెట్టి, చూసి, అప్పుడు ముందుకెళ్లండి.

మూడోది ప్రాక్సీలు. అసలు ఫైళ్లకి బదులు వాడే తేలికపాటి ప్రాక్సీ ఫైళ్లతో ఎడిట్ చేసి ఉంటే, ఎక్స్‌పోర్ట్ అసలు ఫైళ్ల నుంచే జరుగుతోందని ఖాయం చేసుకోండి. రాత్రంతా రెండర్ అయి తెల్లారి చూస్తే వచ్చింది ప్రాక్సీ క్వాలిటీ అని తెలిస్తే కలిగే నీరసం మాటల్లో చెప్పలేం. ప్రీమియర్‌లో ‘యూజ్ ప్రివ్యూస్’ కూడా టిక్ తీసేసి ఉంచుకోవడం మంచిది. పాత ప్రివ్యూ ఫైళ్లు తక్కువ క్వాలిటీలో ఉంటే అవే ఎక్స్‌పోర్ట్‌లోకి వచ్చి చేరతాయి.

దశ 3: మాస్టర్ తీయండి

మాస్టర్‌కి వాడాల్సింది ఎడిటింగ్ కోసమే పుట్టిన కోడెక్‌లు. యాపిల్ ప్రోరెస్ 422 గానీ, ఎవిడ్ డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ హెచ్‌క్యూ గానీ. ఇవి ప్రతి ఫ్రేమునీ విడిగా, పూర్తి బొమ్మగా దాస్తాయి. 10 బిట్ (ఒక్కో రంగుకి ఎక్కువ మెట్లు) వాడితే ఆకాశం లాంటి నున్నటి రంగుల్లో చారలు పడకుండా ఉంటాయి. ప్రోరెస్ 422 మామూలుగా పది బిట్లే, డీఎన్ఎక్స్‌హెచ్ఆర్‌లో అయితే హెచ్‌క్యూఎక్స్ ఎంచుకోవాలి.

సైజు చూస్తే కళ్లు తిరుగుతాయి, నిజమే. 1080పీ, 30 ఫ్రేముల ప్రోరెస్ 422 సెకనుకి దాదాపు 147 మెగాబిట్లు. ఐదు నిమిషాలకి అయిదున్నర జీబీ. ఇది ఎవరికీ పంపడానికి కాదు, మీ డిస్క్‌లో ఉండటానికి. రేపు ఇంకో సైజులో, ఇంకో కోడెక్‌లో కావాలన్నప్పుడు ప్రాజెక్ట్ తెరవకుండానే దీన్నుంచి తీసిచ్చేయొచ్చు.

డిస్క్‌లో అంత చోటు లేకపోతే హెచ్.264లోనే 50 ఎంబీపీఎస్ దాకా పెట్టి తీసుకోండి. ప్రోరెస్ అంత కాదు గానీ దాని నుంచి మళ్లీ ఒక్కసారి కంప్రెస్ చేసినా కంటికి తేడా తెలియడం కష్టం.

ఎడిటర్ నుంచే ఆఖరి ఫైలు తీస్తే ఏం పోతుంది? ఒక్కోసారి ఏమీ పోదు. కానీ చాలా ఎడిటర్లు డిఫాల్ట్‌గా గ్రాఫిక్స్ కార్డులోని హార్డ్‌వేర్ ఎన్‌కోడర్ వాడతాయి. అది వేగంగా అయిపోతుంది. అదే బిట్‌రేట్లో సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడర్ ఎక్స్264ని తీరిగ్గా పనిచెయ్యనిస్తే మాత్రం బొమ్మ సాధారణంగా ఇంకా బాగా వస్తుంది. బిట్‌రేట్ తగ్గేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది.

దశ 4: హ్యాండ్‌బ్రేక్‌తో కంప్రెషన్

హ్యాండ్‌బ్రేక్ ఉచితం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింట్లోనూ ఉంటుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అలవాటున్నవాళ్లు కమాండ్ లైన్లో ఇదే పని చేసుకోవచ్చు, లోపల పనిచేసే ఎన్‌కోడర్ అదే ఎక్స్264.

మాస్టర్‌ని లోపల వేసి, ప్రీసెట్లలో ‘హెచ్‌క్యూ 1080పీ30’ని ఎంచుకుని అక్కడినుంచి మొదలుపెట్టండి. ప్రీసెట్‌ని అలాగే వదిలెయ్యకుండా మార్చాల్సినవి ఇవీ.

సమ్మరీ ట్యాబ్‌లో ఫార్మాట్ ఎంపీ4. అక్కడే ‘వెబ్ ఆప్టిమైజ్డ్’ అనే టిక్ ఉంటుంది, తప్పకుండా పెట్టండి. ఎందుకో దశ 7లో చెప్తాను.

డైమెన్షన్స్ ట్యాబ్‌లో క్రాపింగ్‌ని ‘నన్’ చెయ్యండి. హ్యాండ్‌బ్రేక్ తనంతట తాను నల్ల అంచులు వెతికి కోసేస్తుంది. చీకట్లో మొదలయ్యే వీడియోల్లో అది పొరబడి అసలు బొమ్మనే కోసిన సందర్భాలు నేను చూశాను. సైజు మాస్టర్‌దే ఉంచండి. 720 నుంచి 1080కి పెంచినంత మాత్రాన లేని వివరం పుట్టదు.

వీడియో ట్యాబ్‌లో ఎన్‌కోడర్ హెచ్.264, పక్కన ‘ఎక్స్264’ అని ఉన్నదే. ఫ్రేమ్ రేట్ ‘సేమ్ యాజ్ సోర్స్’, దాని కింద ‘కాన్‌స్టెంట్’.

ఇప్పుడు అసలు మీట: కాన్‌స్టెంట్ క్వాలిటీ. హ్యాండ్‌బ్రేక్ దీన్ని ఆర్ఎఫ్ అంటుంది, ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో సీఆర్ఎఫ్. ఎక్స్264లో 0 నుంచి 51 దాకా ఉంటుంది. అంకె తగ్గితే క్వాలిటీ పెరుగుతుంది, ఫైలూ పెరుగుతుంది. ఆరు అంకెలు పెంచితే ఫైలు రమారమి సగమవుతుంది. 18 దగ్గర మామూలు కంటికి అసలుకీ నకలుకీ తేడా తెలియదు. ఎక్స్264 డిఫాల్ట్ 23. హ్యాండ్‌బ్రేక్ వాళ్లు 1080పీకి 20 నుంచి 24 మధ్య, 4కేకి 22 నుంచి 28 మధ్య పెట్టుకోమంటారు.

బిట్‌రేట్ పెట్టడానికీ దీనికీ తేడా చూడండి. 8 ఎంబీపీఎస్ అని పెడితే, గోడ ముందు మాట్లాడే మనిషికీ సగటున అంతే, పొగలో గిరగిరా తిరిగే నర్తకికీ అంతే. మొదటిదానికి దండగ, రెండోదానికి చాలదు. ఆర్ఎఫ్ 21 అని పెడితే ‘క్వాలిటీ ఈ స్థాయి నుంచి జారకూడదు, దానికి ఎంత కావాలో నువ్వే చూసుకో’ అని ఎన్‌కోడర్‌కి చెప్పినట్టు. నేను అదే నృత్య వీడియోనీ, ఒక ఇంటర్వ్యూనీ ఒకే ఆర్ఎఫ్‌లో తీస్తే, నిమిషానికి పడిన సైజులో నృత్యానిది నాలుగింతలకి పైగా వచ్చింది. రెండూ చూడ్డానికి మాత్రం సమానంగా శుభ్రంగా ఉన్నాయి.

ఫైలు ఫలానా సైజు దాటకూడదని ముందే గిరి గీసుకున్నప్పుడు మాత్రం ఆర్ఎఫ్ పనికిరాదు. అప్పుడు పై లెక్కని తిరగేసి బిట్‌రేట్ కట్టుకుని, టూ పాస్‌తో తీయాలి. ఎన్‌కోడర్ మొదటిసారి వీడియో అంతా చూసి ఎక్కడ కష్టముందో రాసుకుంటుంది, రెండోసారి ఉన్న బిట్లని దాన్ని బట్టి పంచుతుంది.

ఎన్‌కోడర్ ప్రీసెట్ అనే మీట కూడా అక్కడే ఉంటుంది. ‘మీడియం’ కాకుండా ‘స్లో’లో ఉంచండి. టైమ్ పెరుగుతుంది, అదే ఆర్ఎఫ్‌కి బిట్ల వాడకం పొదుపవుతుంది. ‘వెరీ స్లో’ దాకా వెళ్లి గంటలు తగలేసుకోవడం నాకైతే గిట్టుబాటు అనిపించలేదు. ట్యూన్ దగ్గర మామూలు వీడియోకి ఏమీ పెట్టకపోయినా ఫర్వాలేదు. కార్టూన్ బొమ్మలకి ‘యానిమేషన్’, కావాలనే గ్రెయిన్ (ఫిల్మ్‌లో ఉండేలాంటి సన్నటి చుక్కలు) వేసుకున్న వీడియోకి ‘గ్రెయిన్’ ఉన్నాయి. ప్రొఫైల్ ‘హై’. 1080పీ 30 ఫ్రేములకి లెవెల్ 4.0, 60 ఫ్రేములకి 4.2.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన అలవాటు: మొత్తం వీడియోని ఎన్‌కోడ్ చేసి పరీక్షించకండి. పైన ‘రేంజ్’లో సెకన్లు ఎంచుకుని, మీ వీడియోలో అన్నిటికంటే కష్టమైన 20 సెకన్లు మాత్రం తీయండి. చీకటి, పొగ, వేగం, గుంపు, ఏదైతే అది. దాన్ని ఆర్ఎఫ్ 19, 21, 23 మూడింట్లోనూ తీసి పక్కపక్కన పెట్టి చూడండి. చూసేటప్పుడు ఫ్రేము ఆపి, పెద్దది చేసి గళ్లు లెక్కపెట్టొద్దు. ఆపకుండా, మామూలు వేగంలో, మామూలు దూరం నుంచి చూడండి. తేడా పట్టుకోలేని రెండు ఫైళ్లలో చిన్నదాన్ని ఎంచుకోండి. ఐదు నిమిషాల పని ఇది.

తక్కువ వెలుతురులో తీసిన వీడియోలో నాయిస్ బాగా ఉంటే, దాన్ని ఎడిట్‌లోనే కొంచెం తగ్గించుకోండి. నాయిస్ చుక్కలు ప్రతి ఫ్రేములోనూ కొత్తగా పుడతాయి. ఎన్‌కోడర్ వాటిని బుద్ధిగా దాచుకుంటూ మొహానికి దక్కాల్సిన బిట్లని వాటికి ఖర్చు పెడుతుంది. హ్యాండ్‌బ్రేక్ ఫిల్టర్లలో కూడా డీనాయిస్ ఉంది, ‘లైట్’ దాటి వెళ్లకండి. దాటితే మళ్లీ ఆ మైనం మొహాలే.

దశ 5: ఆడియో

ఏఏసీ, స్టీరియో, 48 కిలోహెర్ట్జ్. మాటలే ఉంటే 128 కేబీపీఎస్, సంగీతం ఉంటే 192 నుంచి 256. వీడియో సైజులో ఆడియో వాటా చాలా తక్కువ, ఇక్కడ పిసినారితనం వద్దు.

శబ్దం స్థాయి గురించి ఒక్క మాట. యూట్యూబ్ దాదాపు మైనస్ 14 ఎల్‌యూఎఫ్ఎస్ (శబ్దం ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే కొలమానం) కంటే గట్టిగా ఉన్నవాటిని తగ్గిస్తుంది, మెల్లగా ఉన్నవాటిని మాత్రం పెంచదు. కాబట్టి ఎడిటర్లోని లౌడ్‌నెస్ మీటర్ చూసుకుని ఆ చుట్టుపక్కలకి తెచ్చుకోండి. శిఖరాలు మైనస్ 1 డెసిబెల్ దాటనివ్వకండి. సున్నాకి అంటుకుని ఉన్న ఆడియో ఏఏసీలోకి మారేటప్పుడు చిట్లుతుంది.

దశ 6: యూట్యూబ్‌కి అయితే

ఆర్ఎఫ్ తూకాలన్నీ ఇక్కడ పక్కన పెట్టండి. నెట్ బాగుంటే ప్రోరెస్ మాస్టర్‌నే అప్‌లోడ్ చెయ్యొచ్చు, యూట్యూబ్ తీసుకుంటుంది. అంత ఓపిక లేకపోతే హెచ్.264లో ఆర్ఎఫ్ 16 నుంచి 18 దగ్గర తీసిన ఫైలు. యూట్యూబ్ తన సూచనల్లో ఇచ్చే అంకెలు మామూలు ఫ్రేమ్ రేట్‌కి 1080పీ అయితే 8 ఎంబీపీఎస్, 1440పీ అయితే 16, 4కే అయితే 35 నుంచి 45. 60 ఫ్రేముల 1080పీకి 12. వీటిని కనీసం అనుకోండి, గరిష్ఠం అనుకోవద్దు.

అప్‌లోడ్ అవ్వగానే చూసి గుండె జారిపోనక్కర్లేదు. మొదట తక్కువ రిజల్యూషన్ కాపీ తయారవుతుంది, పెద్దవి ఆ తర్వాత వస్తాయి. వీడియోని ప్రైవేట్‌గానో అన్‌లిస్టెడ్‌గానో పెట్టి, అన్ని రిజల్యూషన్లూ వచ్చాక పబ్లిక్ చెయ్యడం మంచిది. తొలి గంటలో చూసేవాళ్లే మసక బొమ్మ చూసి వెళ్లిపోకూడదు కదా.

1080పీలో ఎడిట్ చేసిన వీడియోని 1440పీకో 4కేకో పెంచి అప్‌లోడ్ చేసే చిట్కా చాలామంది వాడుతుంటారు. నేను పైన ‘లేని వివరం పుట్టదు’ అన్నానే, ఇది దానికి విరుద్ధంగా అనిపిస్తుంది. పుట్టదు, నిజమే. కానీ యూట్యూబ్ 1080పీ దాటిన రిజల్యూషన్లని హెచ్.264లో ఇవ్వదు, వీపీ9 లేదా ఏవీ1లోనే ఇస్తుంది, బిట్‌రేట్ కూడా ఎక్కువే కేటాయిస్తుంది. ఆ లాభం కోసం చేసే పని ఇది. నృత్యం, ఆటలు, స్క్రీన్ మీద చిన్న అక్షరాలు ఉన్నవాటికి తేడా కనిపిస్తుంది. కూర్చుని మాట్లాడేవాటికి ఆ అప్‌లోడ్ టైమ్ వృథా.

దశ 7: సొంత వెబ్‌సైట్‌కి అయితే

ఎంపీ4 ఫైలులో ఏ ఫ్రేము ఎక్కడుందో చెప్పే సూచిక లాంటిది ఒకటుంటుంది, మూవ్ ఆటమ్ అంటారు. ఎన్‌కోడింగ్ పూర్తయ్యాకే అది తయారవుతుంది కాబట్టి మామూలుగా ఫైలు చివర్లో పడుతుంది. బ్రౌజర్‌కి అది దొరికేదాకా ఆట మొదలవ్వదు. కొన్నిచోట్ల ఫైలంతా దిగాక గానీ బొమ్మ రాదు. ‘వెబ్ ఆప్టిమైజ్డ్’ టిక్ పెడితే ఆ సూచిక ఫైలు మొదటికి వస్తుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో దీన్నే ఫాస్ట్‌స్టార్ట్ అంటారు. ఇప్పటికే తయారైన ఫైలుకైతే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో మళ్లీ ఎన్‌కోడ్ చెయ్యకుండానే, స్ట్రీములని కాపీ చేస్తూ ఈ ఒక్క మార్పూ చేసుకోవచ్చు. క్షణాల్లో అయిపోతుంది, క్వాలిటీ చుక్క కూడా పోదు.

కీఫ్రేముల దూరం కూడా చూసుకోండి. ఎక్స్264 డిఫాల్ట్ గరిష్ఠంగా 250 ఫ్రేములు, అంటే 30 ఫ్రేముల వీడియోలో ఎనిమిది సెకన్ల పైమాటే. చూసేవాళ్లు ముందుకీ వెనక్కీ జరిపినప్పుడు ప్లేయర్ తడబడుతుంది. పాఠాల్లాంటి, జరిపి జరిపి చూసే వీడియోలకి రెండు సెకన్లకో కీఫ్రేము పడేలా 60 పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. ఫైలు కొంచెం పెరుగుతుంది.

పేజీలో వీడియో ట్యాగ్ పెట్టేటప్పుడు పోస్టర్ బొమ్మ (ఆట మొదలవ్వకముందు కనిపించేది) ఇవ్వండి, ప్రీలోడ్‌ని ‘మెటాడేటా’కి పరిమితం చెయ్యండి. లేకపోతే ఎవరూ నొక్కకుండానే మీ సర్వర్ డేటా ఖర్చవుతూ ఉంటుంది. దానంతట అదే ఆడాలనుకుంటే వీడియో మ్యూట్‌లో ఉండాలి, శబ్దంతో ఆటోప్లేని బ్రౌజర్లు అడ్డుకుంటాయి. ఐఫోన్లో ఫుల్ స్క్రీన్‌కి ఎగరకుండా ఉండాలంటే ‘ప్లేస్ఇన్‌లైన్’ కూడా చేర్చాలి. ఏవీ1 కాపీ కూడా ఉంటే దాన్ని కోడెక్ పేరుతో సహా పైన, హెచ్.264ని కింద పెట్టండి. బ్రౌజర్ తనకి చేతనైన మొదటిదాన్ని తీసుకుంటుంది.

రెండు మూడు నిమిషాల వీడియోకి ఒక్క ఎంపీ4 చాలు. అరగంట దాటినవాటికి, నెట్ అంతంతమాత్రంగా ఉన్నవాళ్లు ఎక్కువగా చూసేవాటికి హెచ్ఎల్ఎస్ పద్ధతి మంచిది. వీడియోని కొన్ని సెకన్ల ముక్కలుగా, మూడు నాలుగు క్వాలిటీల్లో తయారుచేసి పెడితే, ప్లేయర్ అప్పటికప్పుడు నెట్ వేగాన్ని బట్టి ఏ ముక్క తీసుకోవాలో చూసుకుంటుంది. అది చేతితో నడిపే బదులు ఏదైనా వీడియో హోస్టింగ్ సర్వీస్‌కి అప్పగించడమే సుఖం.

దశ 8: పంపేముందు చూడండి

ఫైలుని ఎడిట్ చేసిన కంప్యూటర్లోనే చూసి ఊరుకోవద్దు. ఫోన్లో చూడండి, ఇంకో బ్రౌజర్లో చూడండి. మొదటి పది సెకన్లు, అన్నిటికంటే చీకటి షాట్, వేగంగా కదిలే షాట్, చివరి నిమిషం. చివరి నిమిషం ఎందుకంటే సింక్ తేడా ఉంటే అక్కడే బయటపడుతుంది.

కొన్ని రోగాలు చూడగానే గుర్తుపట్టొచ్చు.

నలుపు నలుపులా లేక బూడిదగా ఉంటే, లేదా నీడలు మొత్తం నల్లగా మూసుకుపోతే, అది సాధారణంగా బిట్‌రేట్ గొడవ కాదు. వీడియో స్థాయిలు 16 నుంచి 235 మధ్య ఉండే లిమిటెడ్ రేంజ్‌లో ఉన్నాయా, 0 నుంచి 255 ఫుల్ రేంజ్‌లో ఉన్నాయా అన్నది ఎక్కడో తారుమారైంది. వెబ్‌కి లిమిటెడ్ ఉంచండి.

సాయంత్రం ఆకాశంలో మెట్లు మెట్లుగా చారలు పడితే, 8 బిట్లలో ఆ నున్నటి రంగుమార్పు పట్టలేదని అర్థం. పది బిట్ల మాస్టర్ నుంచి తీస్తూ, ఎడిట్‌లో ఆ షాట్‌కి లీలగా గ్రెయిన్ వేస్తే చారలు కరిగిపోతాయి. నాయిస్ తీసెయ్యమని ఇందాక నేనే చెప్పి, ఇప్పుడు గ్రెయిన్ వెయ్యమంటున్నాను. ఇది ఆ ఒక్క షాట్‌కే.

ముదురు నీలం మీద ఎర్ర అక్షరాలు ఎంత బిట్‌రేట్ పెట్టినా చెదిరే ఉంటే ఆశ్చర్యపోకండి. రంగు వివరం నాలుగు పిక్సెళ్లకి ఒకటే అన్నాం కదా, ఎరుపుకీ నీలానికీ వెలుగులో తేడా తక్కువ, రంగులోనే తేడా ఎక్కువ. అంచుని నిలబెట్టడానికి వెలుగు సాయం దొరకదు. టైటిల్‌ని తెలుపుకో లేత పసుపుకో మార్చండి, లేదా అక్షరాల చుట్టూ సన్నటి నల్ల గీత వెయ్యండి. ఏ సెట్టింగూ చెయ్యలేని పని ఆ గీత చేస్తుంది.

అడ్డంగా దువ్వెన పళ్లలాంటి గీతలు కదిలే వస్తువుల అంచుల్లో కనిపిస్తే అది ఇంటర్‌లేస్డ్ ఫుటేజీ (ఫ్రేముని గీత విడిచి గీతగా రెండు సగాలుగా తీసే పాత పద్ధతి). పాత కెమెరా టేపుల నుంచి వచ్చినవాటిలో ఉంటుంది. హ్యాండ్‌బ్రేక్ ఫిల్టర్లలో డీఇంటర్‌లేస్ ఆన్ చెయ్యాలి.

అన్నీ సరిపోయాక ఫైళ్లకి పేర్లు పెట్టేటప్పుడు మాస్టర్‌కి ‘మాస్టర్’ అని, కాపీకి సైజు, ఆర్ఎఫ్ అంకె కలిపి పెట్టండి. ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘అసలైన ఫైనల్’ అని పెట్టుకుంటూ పోతే, ఆర్నెల్ల తర్వాత ఎవరో పేరు తప్పు పడిందని ఫోన్ చేసినప్పుడు, ఏది తెరవాలో తెలియక మళ్లీ ఆ చిన్న ఫైలునే ఎడిటర్లో వేస్తారు. నాకు తెలుసు, వేశాను కాబట్టి.